ఏటి నడుమ టీచరమ్మ

బొల్లారంలో పొద్దుటి షిఫ్టుకు బస్సు దిగుతుంటే తమ్ముడు ఫోన్ చేశాడు.

“అక్కా, టీచరమ్మ పోయింది.”

మెట్టు మీదే నిలబడిపోయాను. వెనకాల వాళ్లు తోస్తున్నారు. ఎట్లా అని అడిగాను.

“పొద్దుగాల చాయ్ తీస్కపోయిన పిల్ల సూసిందట. గోడకు ఆనుకోని కూసున్నది. నిద్రవోయిందనుకున్నరు. కుడిచెయ్యి నేల మీద పెట్టుకోని గట్లనే ఉన్నదక్కా.”

ఆ చివరి మాట విన్నాక నాకు ఏడుపు రాలేదు. ముందు చెవులు రిక్కించాను. బస్సుల హారన్లు, సైరన్, టీ బండి దగ్గర స్టవ్వు మోత, అన్నిటి కింద ఇంకేదైనా వినిపిస్తుందేమోనని ఆగాను. మా ఊళ్లో పుట్టిన వాళ్లు ఎవరైనా అదే చేసి ఉండేవాళ్లు. టీచరమ్మ నేల మీద చెయ్యి పెట్టిందంటే ఏదో వింటున్నదని మాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

మా ఊరు ఇప్పుడు లేదు. మంజీర రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసే చోట, నడుమ మిగిలిన ఎత్తు నేల మీద ఉండేది. ఎండాకాలంలో ఇసుకలో నడిచి అవతలి ఒడ్డుకు పోయేవాళ్లం. వానాకాలం వచ్చిందంటే పుట్టి పడవ ఎక్కాల్సిందే. ఏరు మరీ పొంగితే పుట్టి కూడా నడవదు. అప్పుడు కొన్నాళ్లపాటు లోకంతో మాకు సంబంధం ఉండదు. ఉప్పు, కిరోసిన్, జ్వరం మాత్రలు అన్నీ ముందే తెచ్చుకుని, చుట్టూ ఎర్రనీళ్లు చూస్తూ కూర్చునేవాళ్లం. భూములు అక్కడే ఉన్నాయి కాబట్టి ఎవరూ కదలలేదు.

ఊరికి దక్షిణపు కొసన, నేల ఏటివైపు జారే చోట, మూడు ఇళ్లు ఖాళీగా ఉండేవి. నేను పుట్టకముందు ఒక వరదలో ఆ ఇళ్ల మనుషులు పోయారు. అందరూ దొరికారు గానీ ఒకామె మాత్రం దొరకలేదు. నీళ్లొస్తుంటే జొన్నలు కాపాడుకోవాలని ఇంటి నడుమ ఉన్న పాతరలోకి, అంటే గింజలు దాచే నేలగోతిలోకి, దిగిందట. వరద తీశాక పాతర నిండా ఒండ్రుమట్టి. అందులో ఆమె లేదు. అప్పటి నుంచి ఆమెకు పేరు పోయింది. ఊరంతా ‘లోపలామె’ అనేవాళ్లు. అది కూడా గొంతు తగ్గించి.

ఎందుకంటే ఆమె పిలిచేది. ప్రతి ఏడూ కాదు, రోజూ కాదు. ఎప్పుడో ఒకసారి ఆ మూడు ఇళ్ల వైపు నుంచి మూలుగులాంటి చప్పుడు వచ్చేది. ఖాళీ కుండ మూతి దగ్గర నోరు పెట్టి ఊదినట్టు, సన్నగా మొదలై, లోతుగా దిగి, ఆగిపోయేది. అది విన్న రోజు మా అమ్మ తలుపు వేసి మా చెవులు మూసేది. పెద్దవాళ్లు పసుపు నీళ్లు చల్లేవాళ్లు. ఎవరూ బయటికి వచ్చేవాళ్లు కాదు.

ఎనభైల మొదట్లో టీచరమ్మ ఇట్లాంటి ఊరికి వచ్చింది. జోగిపేటలో కిరాణా దుకాణం నడిపే ఇంటి ఆడపడుచు. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే, చదువుకుని ఉద్యోగం తెచ్చుకుంది. అంతకుముందు వచ్చిన సార్లు వానాకాలం మొదలుకాగానే సెలవు పెట్టి పోయేవాళ్లు. ఈమె మొదటి వానాకాలమే బడి పక్క గదిలో ఉండిపోయింది. సన్నటి మనిషి. పాలు లేని చాయ్ తాగేది. కొంగు చివర ఎప్పుడూ సుద్దపొడి ఉండేది. బడి మొదలుపెట్టే ముందు నేల మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, కాసేపు ఉండేది. మొదట్లో అది మొక్కు అనుకున్నాం.

“మొక్కు కాదు బిడ్డా. ఏరు యాడ దాక వచ్చిందో అడుగుతున్న,” అంది ఒకసారి.

ఆ వానాకాలంలోనే ఆమె లోపలామె పిలుపు విన్నది. మధ్యాహ్నం ఎక్కాలు చెప్పిస్తుండగా వచ్చింది ఆ చప్పుడు. మేమంతా తలలు మోకాళ్లలో దాచుకున్నాం. ఆమె మాత్రం లేచి గుమ్మంలో నిలబడింది. చప్పుడు ఆగేదాకా కదలలేదు. సాయంత్రానికి ఏరు బడి మెట్ల దాకా వచ్చింది. ఊళ్లో వాన చుక్క పడలేదు. ఎక్కడో ఎగువన పడ్డ వాన అది.

మర్నాడు ఆమె మా నాయనమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంది. “పెద్దమ్మా, ఆమె పిలిచిన ప్రతిసారి నీళ్లొస్తయా?” అని అడిగింది.

“వస్తయి,” అంది నాయనమ్మ. “ఒక్కసారి గూడ తప్పలే.”

“మరి ఆమె పిలుస్తుంటె మీరు తలుపులేసుకోని లోపల కూసుంటరెందుకు?”

ఊళ్లో ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు.

తర్వాత్తర్వాత, నేను పెద్ద చదువుల్లో ఉన్నప్పుడు, ఆ చప్పుడు ఎట్లా వస్తుందో ఆమెనే అడిగాను. ఏరు పైకి లేచేటప్పుడు నేల కింది నీరు కూడా లేస్తుందనీ, పాత పాతరల్లో మిగిలిన గాలి సందుల్లోంచి తోసుకు వస్తుందేమోననీ చెప్పింది. “గట్లనే అయ్యుంటది,” అని, కాసేపటికి “గాలికి గంత బాధ ఉంటదా అని ఒక్కోసారి అనిపిస్తది,” అంది. రెండింట్లో ఏది నమ్మిందో నాకు ఈనాటికీ తెలియదు.

ఆమె పాఠాలు వేరుగా ఉండేవి. బడి గోడ మీద ప్రతి ఏడూ నీళ్లు వచ్చిన ఎత్తుకు ఎర్రటి జాజుతో గీత గీసేది. మమ్మల్ని ఆ గోడకు ఆనించి నిలబెట్టేది. “ఈ ఏడు నీళ్లు నీ గొంతు దాక వచ్చినయి. వచ్చే ఏడు నువ్వు పెరుగుతవు. నీళ్లు గూడ పెరుగుతయి. యాదుంచుకో.” రాత్రిళ్లు పడుకుంటే ఆ ఎర్రగీతలు నాతో పోటీపడి ఎదుగుతున్నట్టు అనిపించేది.

ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టి ఆడపిల్లలందరికీ ఈత నేర్పించింది. తనకు రాదు. మాతోపాటే నేర్చుకుంది. ఆ బుర్రలు బడి దూలానికి వేలాడేవి. గాలి వీస్తే ఒకదానికొకటి తగిలి మెల్లగా మోగేవి. పాఠం మధ్యలో అవి మోగితే అందరం ఒక్కసారిగా పైకి చూసేవాళ్లం. కళ్లకు గంతలు కట్టి ఊరి నుంచి ఉత్తరాన ఉన్న రాళ్ల దిబ్బ దాకా నడిపించేది. ముందు పోయే పిల్ల చెయ్యి వెనక పిల్ల పట్టుకోవాలి. దిబ్బ ఎక్కాక “అందరు వచ్చిండ్రా?” అని అడిగేది. అందరూ తమ చేతికి అందిన చెయ్యి ఎవరిదో పేరు చెప్పాలి.

“భయం వస్తె కూసోవద్దు. దాన్ని గూడ ఎంటబెట్టుకోని నడువాలె,” అనేది. ఇంకొకటి కూడా చెప్పేది: “ఒక్కదానివే విన్నవా, పక్కామెను అడుగు. ఇద్దరికి వినబడ్డదా, ఇగ ఊరు లేవాలె.”

పిల్లలకు నేర్పితే చాలదని ఆమెకు తెలుసు. ఊరి ఆడవాళ్లంతా ఒకచోట చేరేది బతుకమ్మ దగ్గరే. అందుకని పాట కట్టింది. మా అమ్మ గొంతు బాగుండేది. ముందు ఆమెకే నేర్పింది.

లోపలామె పిలిచె ఉయ్యాలో
లోట సెంబు ఇడువు ఉయ్యాలో
సెయ్యి సెయ్యి పట్టి ఉయ్యాలో
సేను గట్టు దాటు ఉయ్యాలో
రాళ్ల దిబ్బ మీద ఉయ్యాలో
రాని వాళ్ల పిలువు ఉయ్యాలో

ఊరి పటేలుకు కోపం వచ్చింది. బడి ముందుకొచ్చి నిలబడ్డాడు. “ఏంది టీచరమ్మా గిది? పండుగ పూట సచ్చినామెను పాటల పెడతవా? పిల్లలు జడుసుకోరా? గామె పేరు మేం ఇన్నేండ్ల సంది తియ్యలే.”

“మీరు తియ్యకుంటనే ఆమె పిలుస్తున్నది గదా పటేలా,” అంది టీచరమ్మ నెమ్మదిగా.

ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఆయన చిన్నచెల్లెలే ఆ దొరకనామె అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. టీచరమ్మకు అప్పటికే తెలుసో లేదో.

నాకు పన్నెండేళ్లప్పుడు సద్దుల బతుకమ్మ నాడు జరిగింది అసలు సంగతి. ఊళ్లో మగవాళ్లు దాదాపు లేరు. కొందరు దసరాకు కావలసినవి తేవడానికి జోగిపేట పోయారు. మా నాన్నలాగా పటాన్‌చెరు కంపెనీల్లో కుదిరినవాళ్లు డ్యూటీలో ఉన్నారు. వానలు వెనకబట్టాయి. ఆకాశం కడిగినట్టు ఉంది. పొద్దు వాలుతుండగా ఏటి ఒడ్డున ఇసుకలో బతుకమ్మలు పెట్టి ఆడుతున్నాం. గునుగు, తంగేడు పూల వాసన.

ముందు కప్పలు ఆగిపోయాయి. అవి అరుస్తున్నాయని అవి ఆగాకే తెలిసింది. తర్వాత కొంగలు లేచి ఒక్కటి కూడా కూయకుండా ఉత్తరానికి పోయాయి. చప్పట్ల మధ్య ఖాళీలో అది వినిపించింది. దక్షిణపు కొస నుంచి, సన్నగా.

నా పక్కన చప్పట్లు కొడుతున్న అమ్మాయి నా వైపు చూసింది. “విన్నవా?” అన్నాను. తలూపింది.

ఎవరూ కేక పెట్టలేదు. అదే నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది. అమ్మ పాడుతున్న పాట ఆపకుండానే మాటలు మార్చింది. లోపలామె పిలిచె ఉయ్యాలో. వలయం తిరుగుతూ తిరుగుతూ ఒకచోట విడిపోయి, పొడుగాటి వరసై, ఒడ్డు ఎక్కి నడవడం మొదలుపెట్టింది. చెయ్యీ చెయ్యీ పట్టుకుని, పట్టుచీరల్లో, పాడుతూ. పూల బతుకమ్మలు ఇసుకలోనే ఉండిపోయాయి. వెనక ఆ మూలుగు కూడా పాటతో శ్రుతి కలిపినట్టు ఎక్కువవుతోంది. వెనక్కి చూడొద్దని టీచరమ్మ నేర్పింది. నేను చూశాను. నీళ్లు చప్పుడు లేకుండా, నేలలోంచి ఊరినట్టు వస్తున్నాయి. బతుకమ్మలు ఒక్కొక్కటే లేచి, నిటారుగా, మెల్లగా కదిలాయి.

రాళ్ల దిబ్బ ఎక్కాక ఆమె అడిగింది. “అందరు వచ్చిండ్రా?”

పేర్లు చెబుతుంటే మా అమ్మ ఊరి వైపు తిరిగింది. “మా అత్త,” అంది. కాళ్లు పడిపోయి మంచం పట్టిన నాయనమ్మ ఇంట్లో ఉంది. మా ఇల్లు కింది వాడలో, ఆ మూడు ఇళ్లకు దగ్గర.

అమ్మ సంకలో తమ్ముడు. అట్లాగే దిగబోయింది. టీచరమ్మ ఆమె భుజం పట్టుకుంది. “నీ సంకల బిడ్డ ఉన్నడు. నువ్వు పాట ఆపకు. పాట ఇనబడితెనే నాకు తొవ్వ తెలుస్తది.”

దారిలో బడి దగ్గర ఆగి సొరబుర్రలు కట్టుకుంది. దిబ్బ మీద నుంచి మాకు కనిపిస్తూనే ఉంది. నడుము దాకా నీళ్లలో, తర్వాత చంక దాకా. మా వాడ మలుపు తిరిగాక కనిపించలేదు. అమ్మ పాడుతూనే ఉంది. ఏడుస్తూ పాడుతుంటే మాటలు తెలియడం లేదు, రాగం ఒక్కటే. మేమంతా అందుకున్నాం. కింద మూలుగు ఆగిపోయింది. ఆ ఆగిపోవడం అన్నిటికన్నా భయంగా ఉంది.

మళ్లీ ఆమె కనిపించినప్పుడు నీళ్లలో మా ఇంటి తలుపు రెక్క తేలుతోంది. దాని మీద నాయనమ్మ. ఒక పక్కన టీచరమ్మ తల. ఎదురు నీళ్లు తోస్తున్నా ఆ తలుపు ఏమాత్రం ఒరగకుండా, తిన్నగా దిబ్బ వైపు వస్తోంది.

పైకి చేర్చాక నాయనమ్మ అటూ ఇటూ చూసి అడిగింది. “అవుతలి పక్క పట్టుకున్నామె ఏది? ఎక్కలేదా?”

టీచరమ్మ జుట్టు పిండుకుంటూ నీళ్ల వైపు చూస్తోంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

“ఎవరత్తా? టీచరమ్మ ఒక్కతే గదా,” అంది అమ్మ.

“ఒక్కతెట్ల? ఇద్దరు పట్టిండ్రు. అవుతలామె సేతులు సల్లగ ఉండె, నా కాలు పట్టుకున్నది.”

ఆ తర్వాత ఎంతమంది ఎన్నిసార్లు అడిగినా టీచరమ్మ ఒక్క మాటే చెప్పేది. “ఒక్కదాన్నే తోసినంత బరువు లేకుండె.” పటేలు మాత్రం ఆ మాట విన్న రోజు బడి అరుగు మీద కూర్చుని, తుండు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఆ వరదలో ఇళ్లు పోయాయి. మనుషులు ఎవరూ పోలేదు. తర్వాత ఒడ్డున మాకు జాగాలిచ్చారు, కాలనీ లేచింది. బడి కూడా అక్కడికే వచ్చింది. మిగతా ఊళ్లవాళ్లు ఇగ మీకేం భయం అన్నారు. టీచరమ్మ ఒప్పుకోలేదు. ఏటా వానలకు ముందు పిల్లల్ని ఇసుకలో నడిపించి పాత ఊరికి తీసుకుపోయి, ఆ ఎర్రగీతల గోడ చూపించేది. “వాన తన నెల మర్చిపోతున్నది. మనం మన తొవ్వ మర్వొద్దు,” అనేది. బతుకమ్మ పండుగకు ఒక బతుకమ్మను ఎక్కువ పేర్చేవాళ్లు. అది లోపలామెది. దాన్ని పటేలు ఇంటి ఆడవాళ్లే తలకెత్తుకునేవాళ్లు. పేరు పెట్టి పిలిచేవాళ్లు. ఆ పేరు నేను ఇక్కడ రాయను, అది మా ఊరిది.

పెళ్లయ్యాక నేను బొల్లారం వచ్చాను. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. ఒక చలికాలం పొద్దున, షేరింగ్ ఆటో దిగి మేం కొందరం ఆడవాళ్లం గేటు వైపు నడుస్తుంటే పొగమంచు దట్టంగా ఉంది. అందులో కుళ్లిన వెల్లుల్లిలాంటి ఘాటు వాసన. ఎక్కడో ఏదో లీకయింది. టీ బండి దగ్గరి కుక్కలు మొరగడం లేదు. అన్నీ ఒకే దిక్కుకు మొహాలు పెట్టి నిలబడి ఉన్నాయి. జనం గేటు వైపు, పొగలోకే పరుగెత్తుతున్నారు.

నేను ఆగాను. “నీకు గూడ వాసనొస్తుందా?” అని పక్కామెను అడిగాను. అవునంది. ఇక ఆలోచించలేదు. కొంగులు తడిపి ముక్కులకు కట్టించి, చెయ్యీ చెయ్యీ పట్టించి, గాలి వీచే దారికి అడ్డంగా, పక్కకు నడిపించాను. ఎదుటి మనిషి కనిపించడం లేదు. ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా ఉండాలని పాడాను. నాకు వచ్చింది ఆ ఒక్క పాటే.

రోడ్డు దాటి ఎత్తు మీదికి చేరాక మంచు విడింది. అందరం ఉన్నాం. నా వెనక చెయ్యి పట్టుకుని వచ్చిన బీహార్ అమ్మాయి, ముందు పాడుతున్నది ఎవరని అడిగింది. “దీదీ, ఆగే కౌన్ గా రహీ థీ?”

నేనే పాడానని చెప్పాను. “ఆప్ నహీ దీదీ. ఆప్ కే ఆగే,” అంది.

నా ముందు ఎవరూ లేరు. వరసలో మొదటిదాన్ని నేనే.

ఆ ఆదివారం కాలనీకి పోయి టీచరమ్మకు ఇదంతా చెప్పాను. అప్పటికి రిటైరై, బడి పక్కనే తను కొనుక్కున్న జాగాలో గది వేసుకుని ఒంటరిగా ఉంటోంది. జోగిపేట నుంచి మేనల్లుడు వచ్చి ఎన్నిసార్లు పిలిచినా పోలేదు. అంతా విని, ఎవరు పాడారని అడగలేదు. లీకు ఎట్లయిందనీ అడగలేదు. “అందరు వచ్చిండ్రా?” అంది. వచ్చారని చెప్పాను. నా తల మీద చెయ్యి పెట్టి, చాయ్ పెట్టడానికి లేచింది. నా చదువుకు అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ నాకు ఎవరూ ఇవ్వలేదు.

చివరిసారి చూసినప్పుడు చెవులు సరిగా వినిపించడం లేదు. గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. ఏరు సన్నబడిందని, పిల్లలు దాన్ని బండ్ల మీద దాటుతున్నారని నవ్వాను. ఆమె నవ్వలేదు. “చిన్నగున్నప్పుడే దాని ముచ్చట పిల్లలకు చెప్పాలె బిడ్డా. పొంగినంక ఎవలింటరు?” అంది. వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి, నా వెనక ఖాళీగా ఉన్న వాకిట్లోకి చూసి, “జెర పైలంగ పోండ్రి,” అంది. నేను ఒక్కదాన్నే ఉన్నాను.

ఆమె పోయిన మూడోనాడు పిట్టకు పెట్టడానికి ఏటి ఒడ్డుకు పోయాం. మేనల్లుడు ఇస్తరాకులో అన్నం, ఆమెకు ఇష్టమైన పచ్చిపులుసు, బెల్లం ముక్క పెట్టి తడి ఇసుక అంచున ఉంచాడు. ఊరంతా వెనక నిలబడ్డాం. ఒక్క కాకి రాలేదు. మేనల్లుడు దండం పెట్టి, “అత్తా, బడి పక్క నీ జాగ నేను అమ్మనియ్య. పిల్లలకే ఉంటది,” అన్నాడు. అయినా రాలేదు. ఎండ ఎక్కింది. ఎవరూ కదల్లేదు. గాలి లేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఉన్నట్టుండి ఒక చిన్న అల, ఎక్కడి నుంచి లేచిందో, ఇసుక మీదికి పాకి ఇస్తరాకును ఎత్తుకుంది. అది మునగలేదు, ఒరగలేదు. అన్నం మెతుకు చెదరకుండా నడి ఏటికి పోయింది. అక్కడ ఒక నల్లటి నీటిపిట్ట లోపలి నుంచి పైకి లేచి, రెక్కలు దులుపుకుని, ఆకు అంచున వాలింది. తినడం మొదలుపెట్టింది.